సవరణ: తుర్కీ భాషలో ఆజ్ఞార్థక రూపాలు

తుర్కీ క్రియ చివరి ‘మెక్’ లేదా ‘మక్’ తీసేస్తే ఆజ్ఞ వస్తుందనీ, గౌరవానికి ‘ఇన్’ చేర్చితే చాలనీ గత పాఠంలో ఉన్న సూత్రంలో మొదటి సగం అలాగే నిలుస్తుంది. రెండో సగాన్ని ఇలా సవరించి చదువుకోవాలి. చేరే అచ్చు ధాతువులోని చివరి అచ్చును బట్టి మారుతుంది కనుక ‘గెల్’ (రా) ‘గెలిన్’ (రండి) అవుతుంది గానీ, ‘దుర్’ (ఆగు) మాత్రం ‘దురున్’ (ఆగండి) అవుతుంది. ఈ అచ్చులు మొత్తం నాలుగు. వాటిలో రెండింటికి తెలుగులో అక్షరమే లేదు కాబట్టి చెవితో పట్టుకోవడమే మేలు. ధాతువు అచ్చుతో ముగిస్తే నడుమ యకారం వస్తుంది: ‘ఒకు’ (చదువు), ‘ఒకుయున్’. ‘గిత్’ (వెళ్ళు) ‘గిదిన్’ అవుతుంది. అయితే తకారాంతాలన్నీ ఇలా మారవు, ‘తుత్’ (పట్టుకో) ‘తుతున్’గానే ఉంటుంది.

తుర్కీలో తలుపుల మీద కనిపించే ‘ఇతినిజ్’ (నెట్టండి), ‘చెకినిజ్’ (లాగండి) ఇంకాస్త లాంఛనమైన రూపాలు. మాటల్లో పొట్టి రూపమే సహజం. నిషేధానికి ‘మె’ లేదా ‘మ’ చేర్చాలి: ‘గెల్మె’ (రావద్దు), ‘గెల్మెయిన్’ (రావద్దండి). ఇక్కడ ఊనిక ‘గెల్’ మీదే పడాలి, చివరికి జరిగితే అది ‘రావడం’ అనే నామవాచకంగా వినిపిస్తుంది.