కుళాయి తిప్పి చూశారా?

సెప్టెంబరు 30లోగా వార్షిక సర్వసభ్య సమావేశాలు ముగించాలి గనుక కంపెనీల నివేదికలు వరుసగా బయటికొస్తున్నాయి. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మిల్లులు, ఎగుమతి సంస్థలు, నిర్మాణ కంపెనీలు సామాజిక బాధ్యత కింద చేసిన పనులకు అందులో ఓ రెండు పేజీలు కేటాయిస్తాయి. ఆ పేజీలు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఊరి పేరు, ఖర్చు, రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో, ‘లబ్ధిదారులు 600 మంది’ అన్న అంకె. ఆ తర్వాత ఏమైందన్న మాటే ఉండదు. ప్రారంభోత్సవం ఫొటోనే నివేదిక అనుకునే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది.

పన్ను కట్టాక కూడా ఈ కాగితాల భారమేమిటని పరిశ్రమ వర్గాలు అంటాయి. చిన్న సంస్థల్లో ఇందుకు వేరే సిబ్బంది ఉండరన్నది నిజమే. కానీ వారికి చట్టం ఇచ్చిన వెసులుబాటు తక్కువేమీ కాదు. సామాజిక బాధ్యత కింద ఏటా ఖర్చు పెట్టాల్సిన సొమ్ము, అంటే మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం, 50 లక్షల రూపాయలు దాటకపోతే ప్రత్యేక కమిటీ అక్కర్లేదు, బోర్డే చూసుకోవచ్చు. పని వల్ల నిజంగా మేలు జరిగిందా అని బయటి సంస్థతో ప్రభావ మదింపు చేయించాల్సింది గత మూడేళ్లలో సగటున ఏటా 10 కోట్లు, ఆపైన ఖర్చు పెట్టాల్సిన కంపెనీలే. అదీ కోటి రూపాయలు, ఆపైన వెచ్చించిన పనులకు, అవి పూర్తయి ఏడాది గడిచాకే. మిగతా కంపెనీల విషయంలో బయటివాళ్లు వచ్చి చూసే ఏర్పాటు లేదు. కంపెనీ రాసుకున్నదే సాక్ష్యం. ఆ సాక్ష్యం కూడా ఒక ఫొటోతో సరిపెడితే ఇక అడిగేదెవరు?

బడిలో పెట్టే ఆర్వో ప్లాంటునే, అంటే తాగునీరు శుద్ధి చేసే యంత్రాన్నే తీసుకోండి. పల్నాడు ఫ్లోరైడ్ ఊళ్లకు ఇది ప్రాణావసరం. గంటకు 500 లీటర్ల యంత్రం బిగిస్తారు. నీళ్లను శుద్ధి చేసే మెంబ్రేన్‌కు ముందుండే ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌ను కొన్ని నెలలకోసారి మార్చాలి, లేకపోతే మట్టి లోపలికి పోతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్నచోట పొర కట్టకుండా యాంటీస్కేలెంట్ మందు చుక్కలు చుక్కలుగా పడుతూ ఉండాలి. ఆ డబ్బా ఖాళీ అయ్యాక ఎవరూ నింపకపోతే మెంబ్రేన్ పూడుకుపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కుళాయిలో ధార మాత్రం సన్నబడుతుంది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో అప్పగింత కాగితంలో రాసి ఉండదు. హెడ్మాస్టరు రెండుసార్లు చేతి డబ్బు పెట్టుకుని, మూడోసారి స్విచ్ కట్టేస్తారు. పిల్లలు మళ్లీ ఇంటి నుంచి సీసాలు మోసుకొస్తారు. నివేదికలో మాత్రం 600 మంది అలాగే ఉంటారు. అది బడి హాజరు పట్టీలోంచి ఎత్తి రాసిన అంకె, నీళ్లు తాగినవాళ్ల లెక్క కాదు.

దీనికి మూలం మార్చి నెలాఖరు హడావుడి. ఏడాదంతా ఊరుకుని చివరి వారంలో యంత్రం కొని, బిల్లు 31వ తేదీలోపు వేయించుకుంటారు. నిర్వహణకు పైసా కేటాయించరు. నిజానికి ఆ పనిని కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ముందే తీర్మానిస్తే చాలు. మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోగా ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేసి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు చేయొచ్చు. కార్ట్రిడ్జ్‌లు, మందు, మెకానిక్ జీతం అన్నీ అందులోనే గడుస్తాయి. చట్టం దారి చూపిస్తున్నా ఫొటోతో ఆగిపోవడం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు.

బుడమేరు వరద వేళ కూడా చూశాం. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన చెక్కు మంచి పనే, కానీ అది సామాజిక బాధ్యత ఖర్చు కిందికి రాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2020 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. సింగ్‌నగర్‌లో నేరుగా చేపట్టిన సహాయ, పునరావాస పనులైతే చెల్లుతాయి. ఈ తేడా తెలియకుండానే చెక్కు అందిస్తున్న ఫొటోను ఆ పేజీలో అతికిస్తే ఎలా?

సరైన నివేదిక వల్ల ముందు బాగుపడేది కంపెనీయే. నెలనెలా నీటి మీటరు రీడింగు, నీళ్లలో కరిగిన లవణాలను చెప్పే టీడీఎస్ అంకె, ప్లాంటు ఆగిన రోజులు, ఆగడానికి కారణం రాస్తే ఏ ఊళ్లో డబ్బు వృథా అయిందో తెలుస్తుంది. వచ్చే ఏడాది అదే తప్పు జరగదు. స్టాక్ మార్కెట్లో విలువపరంగా మొదటి 1,000 కంపెనీలు బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఇవ్వడం సెబీ తప్పనిసరి చేసింది. సరుకు కొనే అలాంటి కంపెనీ రేపు గుంటూరు మిల్లును ఆధారాలు అడిగితే చూపడానికి ఆ రీడింగులు పనికొస్తాయి, రిబ్బను పనికిరాదు. ‘మూడు నెలలు ప్లాంటు ఆగింది, బాగు చేయించాం’ అని రాసిన కంపెనీని ఎవరూ తక్కువ చేయరు. ఆగిన ప్లాంటు నడుస్తోందని తెలిసీ రాస్తే మాత్రం కంపెనీల చట్టం 448వ సెక్షన్ కింద అది తప్పుడు ప్రకటనే. దానికి శిక్ష మోసాలకు వేసే 447 కింద పడుతుంది.

సంతకం పెట్టే డైరెక్టర్లు ఆ మాట గుర్తుంచుకోవాలి. బడి గుంటూరు నుంచి గంట ప్రయాణమే. కారు దిగి, ప్లాంటు దగ్గరికి వెళ్లి, ముందు కుళాయి తిప్పి చూడండి. సంతకం తర్వాత పెట్టొచ్చు.