రాని అతిథికి కుశలప్రశ్నలు

ఇది నిన్న మధ్యాహ్నం జరిగింది. నా చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి కాబట్టి ముందు సంగతులు గబగబా చెప్పేస్తాను.

వర్చువల్ మెషీన్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌లను పరీక్షించడం మా బృందం పని. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అంటారు. దాని కడుపులో ఉత్తుత్తి కంప్యూటర్ మీద నడిచే సిస్టమ్‌ను గెస్ట్, అంటే అతిథి అంటారు. ఈ ఉత్తుత్తి కంప్యూటర్లను నడిపే కేవీఎమ్ 2007లోనే లినక్స్ 2.6.20 కెర్నల్‌లో, అంటే ఆ సిస్టమ్ గుండెకాయలో, చేరింది కాబట్టి ఇదేమీ కొత్త విద్య కాదు. డెబియన్, ఫెడోరా, ఫ్రీబీఎస్‌డీ అంటూ రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల వెర్షన్లలో మాకు 12 మంది అతిథులు ఉన్నారు. రోజూ రాత్రి ఒక్కొక్కరినీ నిద్రలేపి, లాగిన్ అయి, నాలుగు ఆదేశాలిచ్చి, క్షేమమేనా అని చూసి, మళ్లీ పడుకోబెట్టే స్క్రిప్టు నేనే రాశాను. అది తెర బొమ్మ తీసి, ముందుగా దాచుకున్న నమూనాతో పోల్చి, పోలిక కుదిరితే కీలు నొక్కుతుంది. ఓపెన్‌సూసే అనే లినక్స్ వాళ్లకు ఇలాంటి పరీక్షల కోసం ఓపెన్‌క్యూఏ అనే సాధనం ఉంది, అందులో ఈ నమూనాలను సూదులు అంటారు. అక్కడ మామూలుగా 96 శాతం పోలిక ఉంటే చాలు. మాది ఆ పులిని చూసి పెట్టుకున్న వాత.

ఈ పోల్చడంలో ఒక తంటా ఉంది. లాగిన్ తెర మీద కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. బొమ్మ తీసిన క్షణాన అది వెలిగి ఉంటే ఒక లెక్క, ఆరి ఉంటే మరో లెక్క. కెర్నల్ వెర్షన్ మారితే పై వరుసలో అంకెలు కూడా మారతాయి. పోల్చే చోటు చిన్నదైతే ఆ ఒక్క కర్సర్ చాలు పోలిక చెడగొట్టడానికి. అప్పుడు పరీక్షల ఫలితాలు చూపే బోర్డు మీద ఎర్ర గడి పడుతుంది, మా మేనేజరు గారికి రక్తపోటు పెరుగుతుంది. ఎందుకు ఎర్రబడిందని ఆయన ఏనాడూ అడగరు. ఎప్పుడు పచ్చబడుతుందనే అడుగుతారు. అందుకని పోల్చే చోటును కర్సర్‌కు దూరంగా కాస్త పక్కకు జరిపాను. అక్కడా ఏదో కదిలింది. ఇంకాస్త జరిపాను. చివరికి తెరకు కుడివైపు కింది మూలన, ఎండకూ వానకూ చలించని ప్రశాంతమైన చోటు ఒకటి దొరికింది. అక్కడ స్థిరపడ్డాను.

ఆ చోట ఏముందని మీరు అడగవచ్చు. నలుపు ఉంది.

అంతటితో ఆగినా బతికిపోయేవాణ్ణి. ఇచ్చిన ఆదేశాలకు అతిథి జవాబు సీరియల్ పోర్టు గుండా, అంటే తెరతో పనిలేకుండా అక్షరాలు పంపే దారిలో, రావాలి, రాకపోతే పరీక్ష తప్పినట్టు. ఆ జవాబు అప్పుడప్పుడు ఆలస్యమయ్యేది. మళ్లీ ఎరుపు, మళ్లీ రక్తపోటు. సరే, జవాబు రాకపోతే ఒక హెచ్చరిక రాసుకుని ముందుకు సాగిపొమ్మని స్క్రిప్టుకు చెప్పాను. హెచ్చరికల రంగు పసుపు. మా బోర్డు పసుపును కూడా పచ్చలోనే కలిపేస్తుంది. మన భాషలో రెండూ పచ్చే కదా, దాన్ని తయారుచేసినవాడు తెలుగువాడేమో.

ఈలోగా డిస్కుల నిల్వ చూసే ఒక మహానుభావుడు శుభ్రత పేరు చెప్పి ఫోల్డర్ల పేర్లన్నీ మార్చేశాడు. ముందే తెలియజేశానంటాడు. తెలియజేసిన మాట నిజమే, 47 అంశాలున్న సందేశంలో 39వ అంశంగా. నా స్క్రిప్టులో ఒక పాత వరుస ఉంది: డిస్క్ ఫైలు కనబడకపోతే 20 జీబీది కొత్తగా సృష్టించుకో అని. ఇన్‌స్టాలేషన్ పరీక్షల కోసం ఎప్పుడో రాసింది. తీసేద్దామనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు బోర్డంతా పచ్చగా ఉంది. పచ్చకామెర్లు వచ్చినవాడికి కూడా అంత పచ్చదనం కనబడదు. పైగా ఒక్కో అతిథికి 14 నిమిషాలు పట్టే పరీక్ష 3 నిమిషాలకు దిగింది. హోస్ట్ మీద మెమరీ వాడకం తగ్గింది. పన్నెండు మందీ సెకను తేడా లేకుండా ముగించేవారు. డెబియన్‌కూ ఫ్రీబీఎస్‌డీకీ ఇంత సఖ్యత ఎప్పుడు కుదిరిందని నాకు అనుమానం రావాలి. రాలేదు. నేను చేసిందల్లా ఒక గ్రాఫు గీయడం. దానికి ‘పరీక్షల వేగవృద్ధి’ అని పేరు పెట్టి, నిన్న పై అధికారులున్న సమావేశంలో పెద్ద తెర మీద ప్రదర్శించాను.

అందరూ తలలూపారు. మేనేజరు గారి ముఖం కూడా పచ్చబడింది. అప్పుడు, నెల కిందట చేరిన అమ్మాయి చెయ్యెత్తింది.

“సార్, పరీక్ష నడుస్తున్నప్పుడు ఆ మెషీన్ తెర ఒకసారి చూపిస్తారా?”

దానికేమి భాగ్యమన్నాను. ఎడమవైపు స్క్రిప్టు లాగ్, కుడివైపు అతిథి తెర తెరిచి పరీక్ష మొదలుపెట్టాను. కుడివైపు నల్లటి తెర మీద రెండు మూడు వరుసలు పడ్డాయి. హార్డ్ డిస్క్ నుంచి బూట్ చేస్తున్నాను, కుదరలేదు, బూట్ చేయదగిన పరికరమేదీ లేదు అని వాటి అర్థం. ఆ వాక్యం అంత పెద్ద అక్షరాలలో నేను ఎప్పుడూ చూడలేదు. గోడంత ఉంది. దాని కింద కుడి మూలన, మా స్క్రిప్టు ముచ్చటగా ఒక ఆకుపచ్చ గడి గీసి ‘పోలిక 100 శాతం’ అని రాసింది. నలుపును నలుపుతో పోల్చితే 96 ఎందుకొస్తుంది, వందే వస్తుంది.

ఎడమవైపు లాగ్ తన పని తాను చేసుకుపోతోంది. లాగిన్ తెర కనబడింది, సరే. యూజర్ పేరు టైపు చేశాను, సరే. పాస్‌వర్డ్ టైపు చేశాను, సరే. ఇల్లు లేదు, తలుపు లేదు, లోపల మనిషి లేడు. అయినా ఎంత మర్యాదగా పలకరిస్తోందో చూడండి. ఒక్కో కీ మధ్య కాస్త విరామం కూడా ఇస్తోంది, అతిథికి తొందర అనిపించకూడదని ఆ ఏర్పాటు చేసింది నేనే. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమి కొరుకుతున్నావని అడిగాడట. మా డిస్క్ ఆ మాత్రం కూడా అడగలేదు.

“అక్షరాలేమీ పడటం లేదు సార్,” అంది ఆ అమ్మాయి.

“పాస్‌వర్డ్ కదండీ, కనబడదు,” అన్నాను.

“మరి యూజర్ పేరు?”

ఇక్కడ మౌనంగా ఉండవలసింది. కానీ మైకు చేతిలో ఉన్నవాడికి మౌనం రాదు. కీబోర్డు అమరిక తేడా అయి ఉండవచ్చన్నాను. జర్మన్ అమరికలో వై, జెడ్ తారుమారవుతాయని ఉదాహరణ కూడా ఇచ్చాను. తారుమారైనా ఏదో ఒక అక్షరం పడాలి కదా అంది. వాడకుండా వదిలేస్తే కన్సోల్ తెర కాసేపటికి ఆరిపోతుందన్నాను. ఆరిపోతే ఆ ఇంగ్లీషు వాక్యం కూడా కనబడకూడదు కదా అంది. గొంతులో వెటకారం లేదు, అదే నాకు మరీ బాధ. చివరికి ఎంతో వినయంగా, డిస్క్ ఫైలు పరిమాణం ఎంతుందో చూద్దామా అంది.

చూశాం. 20 జీబీ అని చెప్పుకునే ఆ ఫైలు సుమారు 200 కిలోబైట్లు ఉంది. ఉత్తుత్తి డిస్కును ఫైలుగా దాచే క్యూకౌ2 పద్ధతిలో, డిస్కు మీద రాసిన మేరకే ఫైలు చోటు తీసుకుంటుంది. ఇందులో ఎవరూ ఏమీ రాయలేదు. మిగతా పదకొండు ఫైళ్లూ చూశాం. అన్నీ కవల పిల్లలు.

నాకన్నా ముందు మేనేజరు గారు తేరుకుని, “మొత్తానికి వేగం పెరిగిన మాట నిజమే కదా,” అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కోసం అనలేదు.

రాత్రి కూర్చుని అన్నీ సరిచేశాను. ఆ వివరాలు ఎవరికీ అక్కర్లేదు. నిజమైన డిస్కులతో నడిపితే 12లో 7 ఎర్రబడ్డాయి, నాలుగు ఇంకా నడుస్తున్నాయి. పొద్దున్నే మేనేజరు గారి సందేశం, నా గ్రాఫు జతచేసి మరీ: “గురువారంలోగా మళ్లీ 3 నిమిషాలకు తేగలరా?”

దాని కిందే నిల్వ విభాగపు మహానుభావుడి కొత్త ప్రకటన వచ్చింది. ఈసారి 52 అంశాలు. ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. ప్రస్తుతం 18వ అంశం దగ్గరున్నాను, ప్రింటర్ గురించి.