బాణం లేని బొమ్మ

బెంగళూరు బెళ్ళందూరులో ఒక ఆఫీసు. హోమ్ లోన్ ఫైళ్లు చూసే టీమ్. ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బీపీఎంఎన్ (పని సాగే దారిని గుర్తులు, బాణాలతో గీసే స్టాండర్డ్ పద్ధతి) బొమ్మగా గీసి గోడకు అతికించారు. దాన్ని సిమ్యులేషన్‌గా, అంటే కంప్యూటర్లో ఫైళ్లను ఉత్తుత్తిగా నడిపించి చూసే మోడల్‌గా మార్చాలని అనలిస్టు, అక్కర్లేదని మేనేజర్. ఆమెది కర్నూలు, ఆయనది నెల్లూరు.

మేనేజర్: బొమ్మ ఉంది కదమ్మా. ఏ ఫైలు ఎవరి దగ్గరికి పోవాలో అందరికీ తెలుసు. ఇంకా దాన్ని ఆడించడం దేనికి?

అనలిస్టు: బొమ్మలో దారి ఉంది సార్, టైము లేదు. 2011లో వచ్చిన బీపీఎంఎన్ 2.0లో ఫైళ్లు ఎంత జోరుగా వస్తాయో, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో రాసే ఏర్పాటు లేదు. అందుకే 2013లో బీపీసిమ్ అని విడిగా ఇంకో స్టాండర్డ్ తెచ్చారు.

మేనేజర్: ఆ నంబర్లు నీకెవరిస్తారు? పత్రాల పరిశీలనకి 12 నిమిషాలని ఆ పని చేసే అబ్బాయినే అడిగి రాసుకున్నావు. అప్రైజల్ ముందు ఎవడైనా 20 అంటాడా?

అనలిస్టు: సిస్టమ్ లాగ్‌తో సరిచూశాను సార్.

మేనేజర్: ఫైలు తెరిచిపెట్టి టీకి పోయినా లాగ్ దాన్ని పనిగానే రాస్తుంది. నెలాఖరున అదే అబ్బాయి రెట్టింపు స్పీడుతో చేస్తాడు. నీ కంప్యూటర్లో మనిషికి నెలాఖరు ఉంటుందా?

(ఈ దెబ్బ గట్టిదే. చాలా మోడళ్లలో మనిషంటే గంటకిన్ని ఫైళ్లు నమిలే యంత్రం.)

అనలిస్టు: ఉండదు, మనం పెడితే తప్ప. కానీ నంబరు కాస్త అటూ ఇటూ అయినా దాగని సంగతి ఒకటుంది. ఒక్క మనిషి, సగటున 12 నిమిషాల పని. ఫైళ్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, కొన్ని తేలిక, కొన్ని తలనొప్పి. అతను 80 శాతం బిజీగా ఉంటే క్యూయింగ్ లెక్క (వరసలో ఎంతసేపు ఆగాలో చెప్పే గణితం) ప్రకారం ఫైలు తన వంతు కోసం సగటున 48 నిమిషాలు ఆగుతుంది. 90 శాతం అయితే 108. పని పెరిగింది ఎనిమిదో వంతు, ఆగడం మాత్రం రెట్టింపు దాటింది. గోడ మీద బొమ్మ రెండుసార్లూ ఒకేలా ఉంటుంది. మీరేమో ఆ అబ్బాయిని పిలిచి స్లో అయ్యావంటారు.

మేనేజర్: కాగితం మీదే తేలే లెక్కకి సిమ్యులేషన్ ఎందుకు మరి?

అనలిస్టు: ఆ లెక్క ఒక టేబుల్‌కి సరిపోతుంది. మన దగ్గర సంతకం లేదని ఫైలు వెనక్కొస్తుంది. అప్రూవల్ మేడం ఇంకో టీమ్ పనీ చూస్తారు. అక్కడ సూత్రం చేతికందదు, ఆడించి చూడాల్సిందే. అన్నట్టు, వెనక్కొచ్చే బాణం బొమ్మలో లేనే లేదు.

మేనేజర్: ఎవరు తీసేశారు?

అనలిస్టు: మీరే సార్. ఆడిట్ వాళ్లొస్తున్నారని.

మేనేజర్: ఆడిట్ కోసం కాదు! ఏ3 కాగితంలో పట్టలేదు.

అనలిస్టు: కాగితంలో పట్టకపోయినా ఫైళ్లు మాత్రం రోజూ వెనక్కొస్తున్నాయి.

మేనేజర్: సరే, నీ కాపీలో బాణం వేసుకో. నీ స్క్రీన్ చూసి మనిషిని తీసేయమన్నా, పెట్టమన్నా నేను సంతకం పెట్టను.

అనలిస్టు: వద్దు సార్. ముందు పోయిన నెల ఫైళ్లు పోసి చూస్తాను. నిజంగా పట్టిన రోజులకి దగ్గరగా రాకపోతే మోడల్‌ని నేనే పక్కన పడేస్తాను.

మేనేజర్: వస్తే?

అనలిస్టు: అప్రూవల్ మేడంకి ఆ ఇంకో టీమ్ పని తీసేస్తే ఏమవుతుందో చూపిస్తాను.

మేనేజర్: ఆ ఇంకో టీమ్ కూడా నాదే కదమ్మా.