లెగసీ సేఫ్ అంట, స్వీట్లు పంచండి

2025 జూలై 20, ఆదివారం పొద్దున. లాస్ వెగాస్‌లో ఇంకా శనివారం రాత్రే. మా బావ ఎక్కణ్ణించో ఒక లింక్ సంపాదించాడు, అది రెండు నిమిషాలకోసారి గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతోంది, తిరిగినంతసేపూ బావ దాన్ని తిడుతున్నాడు, ఇద్దరం పెసరట్టు ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్, ప్రపంచ చాంపియన్ మారియో బారియోస్ ఫైట్ చూస్తున్నాం. పన్నెండు రౌండ్లూ అయిపోయాయి. ఒక జడ్జి 115-113 అని బారియోస్‌కి ఇచ్చాడు, మిగతా ఇద్దరూ 114-114. ముగ్గురిలో ఇద్దరు సమానమన్నారు కాబట్టి మెజారిటీ డ్రా. చాంపియన్ బెల్ట్ బారియోస్ నడుముకే ఉండిపోయింది. అప్పుడు మా బావ ప్లేట్ కింద పెట్టి, ఆపరేషన్ థియేటర్లోంచి బయటికొచ్చి మాస్క్ కిందకి లాగిన డాక్టర్‌లా నిట్టూర్చి అన్నాడు. "హమ్మయ్య. లెగసీ సేఫ్ రా."

అప్పట్నుంచి ఆ మాట నా చెవిలో జోరీగ. అసలు ఫైట్‌కి నెల ముందు నుంచే ఎక్కడ చూసినా ఇదే గోల. ఓడిపోతే పకియావ్ లెగసీ, అంటే ఆ పేరుప్రతిష్ఠలు, ఏమైపోవాలి, నాకౌట్ అయితే లెగసీకి మచ్చ కదా, ఇన్నేళ్ళు కూడబెట్టిన లెగసీని ఈ వయసులో పణంగా పెట్టాలా అని ఒకటే దిగులు. కూతురి పెళ్ళికి దాచిన బంగారం పేకాటలో పెట్టేశాడన్నట్టు మాట్లాడారు. నలభై ఆరేళ్ళ మనిషి, పద్దెనిమిది దాటకముందు నుంచీ డబ్బుల కోసం దెబ్బలు తింటున్న మనిషి, ఆయనకో తల ఉంది, దాని సంగతేంటి అని ఒక్కడు అడిగితే ఒట్టు.

నేను బాధ్యత గల కాలమిస్టుని కాబట్టి లెగసీ శరీరంలో ఎక్కడుంటుందో తెలుసుకుందామని బయల్దేరాను. దవడకి తగిలితే దవడ వాస్తుంది, కనుబొమ్మకి తగిలితే చిట్లుతుంది, కాలేయం దగ్గర తగిలితే ఎంత మొనగాడైనా మోకాళ్ళ మీద కూర్చుంటాడు. లెగసీకి తగిలితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎక్స్‌రేలో పడదట. దానికి ఐస్ ముక్క ఎక్కడ పెట్టాలో కార్నర్‌లో ఉండి గాయాలకి రక్తం ఆపే కట్‌మ్యాన్‌కి కూడా తెలీదు. కానీ ప్రపంచం మొత్తానికి ఆందోళన మాత్రం దాని గురించే.

సరే, ఆయన ఆస్తుల చిట్టా చూద్దాం. ఎనిమిది వెయిట్ కేటగిరీల్లో ప్రపంచ టైటిళ్ళు గెలిచిన బాక్సర్ చరిత్రలో ఈయనొక్కడే. మొదటిది 1998 డిసెంబర్లో, థాయ్‌లాండ్‌లో, చచాయ్ ససకుల్‌ని పడగొట్టి. అప్పటికి బారియోస్‌కి మూడేళ్ళు, పలక కూడా పట్టి ఉండడు. 2021లో ఉగాస్ అనే బాక్సర్ చేతిలో ఓడిపోయి రిటైర్ అయ్యాడు. 2022లో ఫిలిప్పీన్స్ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు, మూడో స్థానం. 2025 మేలో సెనేట్‌కి నిలబడ్డాడు, అదీ పోయింది. జూన్‌లో బాక్సింగ్ మహామహుల జాబితా, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుని సన్మానం చేశారు. జూలైలో ప్రపంచ టైటిల్ ఫైట్. అంటే శాలువా ఇంకా భుజం మీదే ఉంది, గ్లవ్స్ తొడిగేశారు. మన దగ్గర ఎలక్షన్లో ఓడినాయన్ని ఊరికే ఇంట్లో కూర్చోబెట్టకూడదని ఏదో ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి ఇస్తారే, వాళ్ళ దగ్గర దాన్ని టైటిల్ షాట్ అంటారన్నమాట.

టైటిల్ ఫైట్ అంటే ర్యాంక్ ఉండాలి కదా అని మీరు అడగొచ్చు. ఉంది. ఈ బెల్ట్ ఇచ్చే సంస్థ డబ్ల్యూబీసీ, అంటే వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్, ఐదో ర్యాంక్ ఇచ్చింది. నాలుగేళ్ళుగా ఒక్క అసలు ఫైట్ చేయని మనిషికి, చివరి గెలుపు నుంచి లెక్కపెడితే సరిగ్గా ఒక్క రోజు తక్కువ ఆరేళ్ళయిన మనిషికి, వెల్టర్‌వెయిట్ అనే ఆ కేటగిరీలో ఐదో నంబర్. మెక్సికో సిటీలో వాళ్ళ ఆఫీస్‌లో ఇది ఎలా జరిగుంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. ఒక పాత ఫ్యాన్, తాడు కట్టిన ఫైళ్ళు, కళ్ళజోడు తుడుచుకుంటున్న ఒక పెద్దాయన, ఎదురుగా గుమాస్తా.

"చివరిగా గెలిచిందెప్పుడు?"

"2019 జూలై 20న, కీత్ థర్మన్ మీదయ్యా."

"చివరి ఫైట్?"

"2021. ఓడారయ్యా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఎలక్షన్లయ్యా. అవీ ఓడారు."

"లైఫ్ సర్టిఫికెట్ పెట్టాడా?"

"పెట్టారయ్యా. వేలిముద్ర పడలేదు, చేతికి గ్లవ్ ఉంది కదా."

"ఐరిస్ తీసుకోవాల్సింది."

"తీసుకున్నామయ్యా. ఎడమ కన్ను ప్రాక్టీస్‌లో వాచింది, కుడి కన్నుతో సరిపెట్టాం."

"మొత్తానికి బతికే ఉన్నాడు."

"ఉన్నారయ్యా. టికెట్లు కూడా అమ్ముడుపోతాయట."

"ఆ ముక్క ముందు చెప్పొద్దూ! ఐదో నంబర్ వెయ్యి."

"అయ్యా, ఐదులో ఇప్పటికే ఒక కుర్రాడున్నాడు. మూడేళ్ళుగా వరసగా గెలుస్తున్నాడు."

"వాడి పేరెప్పుడైనా విన్నావా?"

"లేదయ్యా."

"నేనూ వినలేదు. ఆరులోకి తొయ్యి."

"ఆరులో ఉన్నోణ్ణి?"

"ఏడులోకి."

"మరి చివర పదిహేనులో ఉన్నోడు?"

"వాడికి ఫోన్ చేసి వెయిటింగ్ లిస్ట్ అని చెప్పు, ఆశ పోగొట్టకు. ఇంకేం ఫైళ్ళున్నాయి?"

"జో లూయిస్ గారిదయ్యా. పాత హెవీవెయిట్ చాంపియన్."

"లైఫ్ సర్టిఫికెట్?"

"1981 నుంచి పెట్టట్లేదయ్యా."

"అయితే పక్కన పెట్టు. రూల్స్ అంటే రూల్సే."

నవ్వులాటకి రాశానుగానీ, టైటిల్ ఫైట్ జరిగితే బాక్సర్ల పర్సుల్లోంచి, అంటే ఫైట్‌కి వాళ్ళకిచ్చే డబ్బులోంచి, ఆ సంస్థకి శాంక్షన్ ఫీజు అని ఒక వాటా వెళ్తుంది. అది మాత్రం నేను కల్పించింది కాదు. ఇక ఎదుటి చాంపియన్ బారియోస్, పాపం ఆయన్నీ ఏమనలేం, టెరెన్స్ క్రాఫోర్డ్ పై వెయిట్‌కి వెళ్ళిపోతే ఖాళీ అయిన కుర్చీలో ఆఫీసు వాళ్ళు కూర్చోబెట్టారు. అంతకుముందు ఫైట్ కూడా డ్రానే, ఏబెల్ రామోస్‌తో. ఆ డ్రా ఎక్కడ జరిగిందనుకున్నారు, 58 ఏళ్ళ మైక్ టైసన్‌ని 27 ఏళ్ళ యూట్యూబర్ మీదకి వదిలిన 2024 నవంబర్ రాత్రే, అదే స్టేడియంలో. అంటే ముసలోళ్ళ సీజన్‌కి ఈయన పర్మనెంట్ సైడ్ ఆర్టిస్ట్.

ఫైట్ బాగుందా అంటే బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. నలభై ఆరేళ్ళ మనిషి లోపలికీ బయటికీ ఆ అడుగులు వేయడం, ఎడమ చేత్తో ఆ పంచ్ వదలడం చూసి మా బావ సోఫా మీంచి లేచాడు. కానీ చివరి మూడు రౌండ్లూ ముగ్గురు జడ్జీలూ బారియోస్‌కే ఇచ్చారు. కాళ్ళు అక్కడికొచ్చేసరికి వయసు చెప్పేశాయి. అప్పుడే మా అక్క వంటింట్లోంచి అట్లకాడ పట్టుకునే వచ్చి, టీవీ వైపు కాసేపు చూసి, "ఆయనకి మొత్తం ఎన్ని తగిలాయిరా?" అనడిగింది. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ వాళ్ళ లెక్క అప్పుడే స్క్రీన్ మీద వేశారు, 120. "నూట ఇరవై" అని బావ చెప్పి, "కానీ ఈయన కూడా 101 కొట్టాడు" అని కలిపాడు, జమాఖర్చు సరిపోయింది కదా అన్నట్టు. అక్క ఏమీ అనలేదు. ఇంకో అట్టు వేయడానికి వెళ్ళిపోయింది.

అసలు లెగసీ అంత సుకుమారమైందా? 2012 డిసెంబర్ 8 గుర్తుందా మీకు? ఎదురుగా మెక్సికో బాక్సర్ హువాన్ మాన్యుయెల్ మార్కెజ్, ఆరో రౌండ్ ఇంకొక్క సెకనులో అయిపోతుందనగా ఒక్క కుడి చెయ్యి. పకియావ్ కరెంటు పోయినట్టు ముఖం నేలకానిచ్చి పడ్డాడు. పడటమంటే చేతులు అడ్డం పెట్టుకుని పడటం కాదు, చేతులు ఒంటి కింద ఉండిపోయి, కదలిక లేకుండా. రింగ్ పక్కన ఆయన భార్య ఏడుస్తూ పైకెక్కాలని పెనుగులాడుతోంది. చనిపోయాడేమో అనుకున్నవాళ్ళు వేలల్లో ఉంటారు, నేనూ అందులో ఒకణ్ణి. మరి లెగసీకి ఏమైంది? గీత కూడా పడలేదు. హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు తలుపు తీసే ఉంచారు. లెగసీ రాయిలాంటిది బాబూ, దానికి దెబ్బ తగలదు. తగిలేది మనిషికి.

ఈ మాటంటే ప్రతి ప్రమోటర్ దగ్గరా జేబులో ఒక పటం రెడీగా ఉంటుంది, పాత హెవీవెయిట్ చాంపియన్ జార్జ్ ఫోర్‌మన్ పటం. తీసి కళ్ళకద్దుకుంటారు. "1994లో 45 ఏళ్ళ వయసులో మైఖేల్ మూరర్‌ని పడగొట్టలేదా?" పడగొట్టాడు. ఇరవై ఏళ్ళ కిందట కిన్‌షాసాలో అలీ చేతిలో ఓడినప్పుడు వేసుకున్న నిక్కరే వేసుకుని మరీ పడగొట్టాడు. తొమ్మిది రౌండ్లు కుర్రాడు కొడుతుంటే మెడ మీద తల నిలబెట్టుకుని, పదో రౌండ్‌లో ఒక్కటి. అద్భుతం, కాదనను. మా వీధిలో ఒకాయనకి లాటరీ తగిలిందని వీధి వీధంతా ఇళ్ళు అమ్ముకుని టికెట్లు కొనదు కదా. ఫోర్‌మన్ పేరు చెప్పేవాళ్ళెవరూ జో లూయిస్ పేరు చెప్పరు, గమనించారా.

జో లూయిస్ యుద్ధం రోజుల్లో, 1942లో, రెండు ఫైట్ల పర్సుల్ని అమెరికా నేవీ, ఆర్మీ సహాయ నిధులకి ఇచ్చేశాడు. దేశం చప్పట్లు కొట్టింది. తర్వాత అదే దేశం ట్యాక్స్ బకాయి అని నోటీసులిచ్చింది, వడ్డీ మీద వడ్డీ. రిటైరైన మనిషి అది కట్టడానికి 1950లో మళ్ళీ రింగెక్కి ఎజార్డ్ చార్లెస్ దగ్గర టైటిల్ కోసం పోరాడి ఓడాడు. 1951లో రాకీ మార్సియానో కొడితే తాళ్ళ మధ్యలోంచి బయటికి పడ్డాడు. గెలిచిన మార్సియానో డ్రెస్సింగ్ రూమ్‌లో ఏడ్చాడు. చివరికి లూయిస్ వెగాస్‌లో సీజర్స్ ప్యాలెస్ కాసినోలో వచ్చేపోయేవాళ్ళకి షేక్‌హ్యాండ్ ఇచ్చే ఉద్యోగం చేశాడు. కానీ చింతించకండి, లెగసీ సేఫ్.

ఆ సీజర్స్ ప్యాలెస్ కార్ పార్కింగ్‌లోనే 1980 అక్టోబర్ 2న ఇంకో సభ జరిగింది. మహమ్మద్ అలీకి 38. ఎదురుగా లారీ హోమ్స్, ఒకప్పుడు ప్రాక్టీస్‌లో అలీకే స్పారింగ్ పార్ట్‌నర్. ఫైట్‌కి ముందు అలీని మాయో క్లినిక్‌కి పంపారు. మాట కాస్త తడబడుతోందని, ఒంటికాలి మీద గెంతమంటే సరిగ్గా గెంతలేకపోతున్నాడని, వేలు ముక్కు మీద పెట్టమంటే గురి కొంచెం తప్పుతోందని వాళ్ళు రాశారు. తన ముక్కు తనకి దొరకని మనిషికి, ఎదుటివాడి ముక్కు కొట్టడానికి, ఎదుటివాడు ఈయన ముక్కు కొట్టడానికి, వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రపు బాక్సింగ్ కమిషన్ లైసెన్స్ ఇచ్చింది. ఇచ్చిందండీ. సంతకం పెట్టి, స్టాంప్ వేసి ఇచ్చింది. పైగా బరువు తగ్గడానికి థైరాయిడ్ మాత్రలు మింగించారు. తెల్లవెంట్రుకలు కనపడకుండా జుట్టుకి రంగు. చూడ్డానికి పాతికేళ్ళ అలీలా ఉన్నాడని టికెట్లు కొన్నవాళ్ళు మురిసిపోయారు. చమట పట్టని ఒళ్ళు, ఎత్తలేని చేతులు. పది రౌండ్లు. ముగ్గురు జడ్జీలూ పదికి పది హోమ్స్‌కే. కొట్టేవాడే ఆగి, ఆపెయ్యవయ్యా అన్నట్టు రిఫరీ వైపు చూస్తున్నాడు. పదో రౌండ్ అయ్యాక ట్రైనర్ యాంజెలో డండీ చాలు అంటుంటే, కార్నర్‌లో పక్కనే ఉన్న అసిస్టెంట్ బుండిని బ్రౌన్ డండీ స్వెటర్ పట్టుకుని గుంజుతూ ఇంకొక్క రౌండ్, ఇంకొక్క రౌండ్ అని బతిమాలుతున్నాడు. స్టూల్ మీద అలీ తల వంచుకుని కూర్చున్నాడు. గెలిచిన హోమ్స్ కూడా ఏడ్చాడు.

అయినా బుద్ధి రాలేదు ఎవరికీ. మరుసటేడు డిసెంబర్‌లో బహమాస్ తీసుకెళ్ళి ట్రెవర్ బెర్బిక్ ముందు నిలబెట్టారు. అక్కడ రింగ్‌లో కొట్టడానికి గంట లేకపోతే ఆవు మెడలో కట్టే గంట తెచ్చి కొట్టారు. ప్రపంచంలో అందరికంటే గొప్ప బాక్సర్ చివరి రౌండ్‌కి లేచింది ఆ ఆవు గంటకి. 1984లో పార్కిన్సన్స్ అని తేల్చారు. ఈ ఫైట్ల వల్లే అని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వడు, నేనూ రాయట్లేదు. కానీ మాట తడబడుతోందని కాగితం మీద రాసింది మాత్రం ఫైట్‌కి ముందే కదరా! ఆ కాగితం చదివి కూడా ఎక్కించారు కదరా! అదేం నోరు, కవిత్వం చెప్తూ ఎదుటివాణ్ణి ఫైట్‌కి ముందే సగం చంపేసే నోరు, ఆ నోరు ముప్పై ఏళ్ళు గుసగుసలాడింది. 1996లో అట్లాంటాలో వణికే చేత్తో ఒలింపిక్ జ్యోతి పట్టుకుంటే మనమంతా కళ్ళు తుడుచుకుని, ఆహా ఏం లెగసీ అన్నాం. సిగ్గుండాలి. లెగసీకి వెంట్రుక కూడా ఊడలేదు. పోయింది ఆయన మాట.

ఇదంతా ఆ రోజే మా బావతో అన్నాను, ఇంత వరసగా కాదుగానీ, గొంతు పెంచి. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, "మరి నాలుగో రౌండ్‌లో ఆ ఎడమ చెయ్యి తగిలినప్పుడు సోఫా ఎక్కి అరిచింది ఎవర్రా?" అన్నాడు.

ఇందాక సోఫా మీంచి లేచింది మా బావ అని రాశాను. ఆయన లేచిన మాట నిజమే. నేను ఎక్కాను. పెసరట్టు ప్లేట్ ఎక్కడ పడిందో అక్కనడిగితే చెప్తుంది.

టీవీలో పకియావ్ రీమ్యాచ్ కావాలంటున్నాడు, తనే గెలిచాననుకున్నాడట. బావ ఫోన్ తీసి ఈసారి ఆగిపోని లింక్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. నేనేం అనలేదు, డేట్ తెలిస్తే చెప్పు బావా అన్నాను.