పిప్పరమెంటు బిళ్ళకు ఏ చాక్లెట్ పూయాలి?

(విజయవాడలో ఒక వదిన, ఆమె మరదలు సంక్రాంతికి చాక్లెట్ పూసిన పిప్పరమెంటు బిళ్ళలు చేయాలనుకున్నారు. పేచీ వచ్చింది పైపూత దగ్గర.)

మరదలు: వదినా, కాంపౌండ్ చాక్లెట్ తెచ్చుకుందాం. వేడినీళ్ళ గిన్నె మీద కరిగించి, బిళ్ళలను ముంచి తీస్తే చాలు, దానంతటదే గట్టిపడుతుంది. మీరు చెప్పే అసలు చాక్లెట్‌కు థర్మామీటరు కావాలి, ఓపిక కావాలి, ధరా ఎక్కువే.

వదిన: ధర ఎక్కువే, కాదనను. ఆ ధర కోకో వెన్నది. అది సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే నోటి వేడికే కరిగిపోతుంది. కాంపౌండ్‌లో దాని బదులు వేరే వనస్పతి కొవ్వులు వేస్తారు. వాటిలో చాలావరకు నోట్లో పూర్తిగా కరగక అంగిలికి మైనంలా అంటుకుంటాయి. పిప్పరమెంటులోని మెంథాల్ చలిని పసిగట్టే నాడులను తాకుతుంది కాబట్టే నోరు చల్లగా అనిపిస్తుంది. పూత కరిగి తప్పుకుంటే ఆ చల్లదనం ఒక్కసారిగా తగులుతుంది. జిడ్డు పొర అడ్డుపడితే మిగిలేది తీపి ఒక్కటే.

మరదలు: మే నెలలో మన వంటిల్లు 40 డిగ్రీలుంటుంది. మీ కోకో వెన్న నోటి దాకా రాకముందే డబ్బాలో కరుగుతుంది. పక్కింటికి కూడా పంపలేని మిఠాయి చేసి ఏం లాభం?

వదిన: వేసవిలో చేయమని నేనూ అనను. ఇది జనవరి.

మరదలు: సరే, పిప్పరమెంటు నూనె సీసా ఎందుకు? పెరట్లో పుదీనా ఉంది కదా. అసలు చాక్లెట్ కావాలని పట్టుబట్టే మీరు అసలు ఆకును వద్దంటున్నారేమిటి?

వదిన: అడగవలసిన మాటే అడిగావు. మన పుదీనాకు వాసననిచ్చేది ప్రధానంగా కార్వోన్ అనే పదార్థం. అది పచ్చడికి బాగుంటుంది కానీ మెంథాల్‌లా నోరు చల్లబరచదు. పైగా నూరిన ఆకులోని నీటికి చక్కెర ముద్ద జారిపోతుంది. పావుకిలో చక్కెర పొడికి చెంచా వెన్న, కొద్దిగా చిక్కటి పాలు, తినడానికి పనికివస్తుందని రాసి ఉన్న పిప్పరమెంటు నూనె నాలుగైదు చుక్కలు చాలు. కలిపి, బిళ్ళలు ఒత్తి, పైన చెమ్మ లేకుండా ఆరనివ్వాలి. డార్క్ చాక్లెట్‌లో మూడింట రెండు వంతులు 45 డిగ్రీల దాకా కరిగించి, పొయ్యి మీద నుంచి దించి, మిగిలిన వంతును సన్నగా తరిగి వేస్తూ 28 డిగ్రీలకు వచ్చేదాకా కలిపి, మళ్ళీ 31కి తెస్తే, కోకో వెన్న సరైన స్ఫటికాలుగా పేరుకుని పూత నిగనిగలాడుతుంది, విరిస్తే పుటుక్కుమంటుంది. ఒక్క నీటి చుక్క పడినా అంతా పిండిముద్దలా బిగిసిపోతుంది, అందుకే గిన్నె అడుగు కూడా తుడుచుకోవాలి.

మరదలు: ఇంత చేశాక ఒక్క డిగ్రీ తప్పితే పైన తెల్లని పొర వస్తుంది. కాంపౌండ్‌కు ఆ భయం లేదు.

వదిన: ఆ పొర బూజు కాదు, పైకి తేలిన కోకో వెన్న. తినవచ్చు, లేదంటే మళ్ళీ కరిగించి మొదలుపెట్టవచ్చు.

మరదలు: పండుగకు మీ పద్ధతిలోనే చేద్దాం. వేసవి సెలవుల్లో పిల్లలు అడిగితే మాత్రం నేను కాంపౌండే కొంటాను.

వదిన: కొనుక్కో. పూత మాత్రం పలచగా వేయి, నూనె ఒక చుక్క ఎక్కువ కలుపు.