అచ్చు ఖర్చు లేని శుభలేఖ

అక్క పెళ్లికి వెబ్ శుభలేఖ తానే చేసేస్తానన్నాడు ఇంటర్ చదివే తమ్ముడు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌కి ఏముంది, నోట్‌ప్యాడ్ ఉంటే చాలు. ట్యాగ్ అనే గుర్తు తెరవడం, పనయ్యాక స్లాష్ పెట్టి మూయడం. అంతవరకూ నిజమే. కాకపోతే సి లాంగ్వేజీలో ఒక్క సెమీకోలన్ మరిచిపోతే, కోడ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అక్కడే పట్టుకుని తిడుతుంది. బ్రౌజర్‌కి అంత నోరు లేదు, మహా మొహమాటం. ఎంత తప్పు రాసినా తనకు తోచినట్టు సర్దేసుకుని ఏదో ఒకటి చూపించేస్తుంది. కొంప ముంచేది ఆ మర్యాదే.

ముందు ఫైలే బ్రౌజర్‌లో తెరుచుకోలేదు. ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరు పెడితే నోట్‌ప్యాడ్ చడీచప్పుడు లేకుండా చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించింది. విండోస్ మామూలుగా ఆ తోకను దాచేస్తుంది కాబట్టి ఎంత చూసినా పేరు సరిగ్గానే కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే మాత్రం మళ్లీ నోట్‌ప్యాడే. సేవ్ యాజ్‌లో టైప్ దగ్గర ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే ఆ పీడ వదులుతుంది.

వదిలింది. ఈసారి పేజీ తెల్లకాగితం! టైటిల్ ట్యాగ్ మూయలేదు మరి. మూసే ట్యాగ్ కనబడేదాకా ఏం వచ్చినా బ్రౌజర్‌కి అది పేజీ పేరే. ముహూర్తం, కల్యాణ మండపం, విందు, ‘మీ రాకను కోరే’ తాతయ్యలతో సహా అంతా పోయి పైన ట్యాబ్‌లో ఇరుక్కున్నారు.

అది సరిచేశాక బోల్డ్ వంతు. పెళ్లికూతురు పేరొక్కటే లావుగా ఉండాలనుకున్నాడు, బి ట్యాగ్ మూయలేదు. అదేమో బంతిలో వడ్డించే పెద్దమనిషి లాంటిది, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అనేదాకా గరిటె ఆపదు. పేరా మారినా ఆగదు. చివరి వరసలో ‘బంధుమిత్రుల అభినందనలతో’ కూడా లావెక్కింది. ఇక ఆడపెళ్లివారిని ఎడమకీ మగపెళ్లివారిని కుడికీ జరపాలని స్పేస్‌బార్ ఎంతసేపు కొట్టినా లాభం లేదు. ఎన్ని ఖాళీలున్నా బ్రౌజర్ లెక్కలో ఒక్కటే. వియ్యంకులిద్దరూ ఒకే వరసలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు.

అసలు గొడవ ఫోటోతో వచ్చింది. 1993లో మొజాయిక్ బ్రౌజర్ రూపకర్తల్లో ఒకరైన మార్క్ ఆండ్రీసెన్ ప్రతిపాదించిన ఇమేజ్ ట్యాగ్‌లో రెండు ముక్కలు ముఖ్యం. ఫైల్ ఎక్కడుందో చెప్పే ఎస్ఆర్‌సీ, ఫోటో రాకపోతే ఆ చోట కనిపించే ఆల్ట్. మనవాడు ఎస్ఆర్‌సీలో తన సీ డ్రైవ్ అడ్రస్ మొత్తం రాశాడు. తన కంప్యూటర్లో అల్లుడుగారు కళకళలాడుతున్నారు. ఊళ్లో వాళ్ల ఫోన్లలో సీ డ్రైవ్ ఎక్కడిది? అక్కడ ‘పెళ్లికొడుకు’ అనే హెడ్డింగు కింద ఆల్ట్ ప్రత్యక్షమైంది. అందులో, అప్పటికి ఏం తోచక, ‘తర్వాత మార్చాలి’ అని రాసి వదిలేశాడు.

పది నిమిషాల్లో పెదనాన్న ఫోన్. “ఏరా, తర్వాత మార్చడమేంట్రా? నిశ్చితార్థం అయిపోయిందిగా!”

“అది ఆల్ట్, పెదనాన్నా...”

“ఆల్టో ఇస్తామన్నామా? ఇన్నోవా అడిగారా?”

హడావుడిగా ఆల్ట్‌లో బావగారి పేరు పెట్టాడు. ఫోటోని పేజీ ఉన్న ఫోల్డర్లోకే ఎక్కించి, ఎస్ఆర్‌సీలో వట్టి ఫైల్ పేరు రాశాడు. ఆ ఫైల్ చివర జేపీజీ పెద్దక్షరాల్లో ఉంది, వీడు చిన్నక్షరాల్లో కొట్టాడు. విండోస్ రెండూ ఒకటేలే అనుకుంటుంది, పేజీని నెట్‌లో అందరికీ అందించే లైనక్స్ సర్వర్ అనుకోదు. ఫోటో మళ్లీ రాలేదు. ఫోన్ మాత్రం వచ్చింది.

“ఒరే, పేరు ఖాయమైంది సరే, మనిషేడిరా?”