వెబ్‌సైట్‌లో పెడితే చెప్పినట్టేనా?

ఫోన్‌లో మ్యూచువల్ ఫండ్ కొనడానికి ఇప్పుడు నిమిషం చాలు. పైన మూడేళ్ల రాబడి పెద్ద అంకెల్లో మెరుస్తుంటుంది, దాని కింద కొనే బటన్, ఇంకా కిందకి వెళ్తే సన్నటి అక్షరాల్లో ఫండ్ ఖర్చులు, రిస్కు వివరాలుండే ఆఫర్ డాక్యుమెంట్ లింకు, పక్కన ‘చదివాను, అంగీకరిస్తున్నాను’ అని ఒక గడి. లింకు తెరవకుండానే టిక్ పడిపోతుంది. రికార్డుల్లో మాత్రం మదుపరికి అన్నీ చెప్పేసినట్టే లెక్క. ఈ పద్ధతి మారాలి.

ఇంటర్నెట్ వల్ల మేలు జరగలేదని మేము అనడం లేదు. అమెరికాలో కంపెనీలు, ఫండ్లు దాఖలు చేసే పత్రాలు 1996 నాటికి ఎడ్గార్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. 2011 నుంచి అక్కడి మ్యూచువల్ ఫండ్లు ఖర్చులు, రిస్కు వివరాలను కంప్యూటర్ చదవగలిగే ట్యాగులతో ఇవ్వాల్సి వచ్చింది, అంటే వంద ఫండ్ల ఖర్చుల్ని పక్కపక్కన పెట్టి చూడటం ఎవరికైనా సాధ్యమే. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఏటా 8 శాతం చొప్పున పెరిగే 100 ఇరవై ఏళ్లలో 466 అవుతుంది, అందులో ఏటా ఒక్క శాతం ఖర్చుల కింద పోయి 7 శాతమే మిగిలితే 387 దగ్గర ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనుకున్నది చివరికి ఆరో వంతు సొమ్ము తినేస్తోంది.

అయితే సమాచారం ఎక్కడో ఉండటం వేరు, మనిషికి అందడం వేరు. ఫండ్లు వాటాదారులకు నివేదిక పంపే బదులు వెబ్‌సైట్‌లో పెట్టి, అక్కడుందని ఒక నోటీసు పంపితే చాలని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2018లో అనుమతిచ్చింది. 2022లో మ్యూచువల్ ఫండ్లు, ఈటీఎఫ్‌ల (షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్మే ఫండ్ల) విషయంలో ఆ వెసులుబాటు తీసేసి, మూడు నాలుగు పేజీల నివేదిక నేరుగా పంపాలని, మిగతా వివరమంతా ఆన్‌లైన్‌లో ఉంచాలని చెప్పింది. అది సరైన నిర్ణయమని మా అభిప్రాయం. యూరప్‌లో కూడా 2018 నుంచి చిన్న మదుపరులకు అమ్మే చాలా పెట్టుబడి పథకాల ముఖ్య వివరాల పత్రం మూడు పేజీలు దాటకూడదన్న నిబంధన ఉంది.

ఇప్పుడు ఇంకో అడుగు వేయాలి. రాబడి ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో ఖర్చు కూడా అంతే పెద్దగా, అదే స్క్రీన్ మీద, బటన్‌కి పైనే వేయాలి. పత్రం మార్చినప్పుడు పాతదాన్ని చడీచప్పుడు లేకుండా తీసేయకుండా తేదీతో సహా ఉంచాలి, ఏం మారిందో గుర్తుపెట్టి చూపించాలి. డబ్బు తీసుకుని ఫండ్‌ను పొగిడే వీడియోలో ఆ సంగతి మొదట్లోనే చెప్పాలి.

ఇంకొకటి. ఏ లింకును ఎంతమంది తెరిచారో, ఎన్ని సెకన్లు చూశారో సర్వర్లో నమోదు చేసుకోవడం పెద్ద పనేం కాదు, ప్రకటనల విషయంలో సంస్థలు ఇలాంటి లెక్కలు రోజూ చూసుకుంటూనే ఉంటాయి. రిస్కు పేజీకి కూడా ఆ లెక్క రాయించి, నియంత్రణ సంస్థలు దాన్ని అడిగి తీసుకోవాలి, ఎవరూ తెరవని పత్రాన్ని మళ్లీ రాయించాలి.